గిన్నె ఎక్కడుంది?

"వచ్చే శనివారానికి నవ్వొచ్చే కథ ఒకటి రాసుకురండర్రా" అని మా ఎనిమిదో తరగతికి చెప్పాను. ఎలాంటి కథ మాస్టారూ అన్నారు. కంగాళీగా ఉండాలి, ఇల్లు పీకి పందిరేసినట్టుండాలి అన్నాను. అంతకంటే వివరంగా చెప్పడం నాకే చేతకాలేదు.

నలభై ఒక్క కాగితాలు వచ్చాయి. పద్నాలుగింటిలో ఎవరో ఒకరు అరటితొక్క మీద కాలేసి పడ్డారు. తొమ్మిదింటిలో తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయింది. మిగతావి, ఒక్కటి తప్ప, సెల్‌ఫోన్‌లో చక్కర్లు కొట్టే జోకులు. పదమూడేళ్ళ కుర్రాళ్ళు భార్య పుట్టింటికెళ్ళిందని పండగ చేసుకుంటున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, ప్రతి కాగితం అడుగునా గీత కొట్టి రాసినది ఒక ఎత్తు. "నీతి: అరటితొక్కలు రోడ్డుపై వేయరాదు." "నీతి: వేడి పాలు తొందరపడి తాగరాదు." భార్య పుట్టింటికెళ్ళిన కథకి కూడా నీతి ఉంది. అది మాత్రం ఇక్కడ చెప్పను.

పిల్లల్ని తిట్టబోయి ఆగాను. కథంటే చివర్లో నీతి ఉండాలని వాళ్ళకి నేర్పిందెవరు? ఒకప్పుడు యూనిట్ పరీక్షలో ఓ పిల్లవాడు చక్కటి నక్క కథ రాస్తే, నీతి రాయలేదని అర మార్కు కోసినవాణ్ణి నేనే. ఆ అర మార్కు ఇన్నేళ్ళకి వడ్డీతో సహా నా బల్ల మీదికి వచ్చింది.

వెనక బెంచీ కుర్రాడు ఒకడు మాత్రం నా మాట అక్షరాలా పాటించాడు. వాడి కథలో ఊరి క్రికెట్ మ్యాచ్‌లోకి డైనోసార్ వస్తుంది. దాని వీపు మీద నుంచి సినిమా హీరో దూకుతాడు. బంతి బాంబవుతుంది. అంపైరు దయ్యం. రెండో పేజీలో భూమి రెండు చెక్కలైంది. వాడు ఊగిపోతూ చదువుతుంటే క్లాసు ఆవలించింది. భూమి బద్దలవుతున్నా ఆవలించే జనాన్ని నేను మొదటిసారి చూశాను.

"అదలా ఉంచరా. నిన్న మధ్యాహ్నం బళ్ళో ఏం జరిగింది?" అన్నాను.

"ఏం జరగలేదండి. కోతులొచ్చాయండి."

"వచ్చి?"

"గుడ్లెత్తుకుపోయాయండి. ఒకటైతే హాజరుపట్టీ కూడా పట్టుకుపోయిందండి. మళ్ళీ పడేసిందనుకోండి."

"పడెయ్యకపోతే?"

వాడు నోరు తెరిచి కాసేపు అలాగే ఉండిపోయాడు. తరవాతి శనివారం తెచ్చిన కథ ఇది. కోతి పట్టీ పట్టుకుని వేపచెట్టెక్కింది. పట్టీ లేకపోతే హాజరు లేదు. హాజరు లేకపోతే భోజనాల లెక్క లేదు. కాగితం ప్రకారం ఆ రోజు బళ్ళో ఎవరూ లేరు కనక, వండిన అన్నం ఎవరికి పెట్టాలని వంటామె నిలదీసింది. హెడ్మాస్టరు కోతికి అరటిపళ్ళు తెప్పించాడు. ఆ బిల్లు ఏ పద్దు కింద రాయాలో ఆయనకి తెలీదు. కోతిని కూడా భోజనం తిన్నవాళ్ళలో చూపిస్తే సరిపోతుంది కదా అన్నాడు లెక్కల మాస్టారు. చూపించాలంటే దానికి అడ్మిషన్ ఉండాలి. అడ్మిషన్‌కి ఆధార్ కావాలి. సాయంత్రం నాలుగయ్యేసరికి అందరూ 'తండ్రి పేరు' అన్న గడి దగ్గర ఆగిపోయారు. వాయుదేవుడు అని రాయండి అని తెలుగు మాస్టారు సలహా ఇచ్చాడు.

ఆ తెలుగు మాస్టారు ఎవరో నేను వాణ్ణి అడగలేదు.

మొదటి కథలో వాడు పాతిక అబద్ధాలు ఆడాడు. రెండోదాంట్లో ఆడింది ఒక్కటి. కోతి పట్టీ పడెయ్యలేదు, అంతే. అక్కణ్ణుంచి అంతా రూలు ప్రకారమే నడిచింది. డైనోసార్‌కి నవ్వని క్లాసు, ఆధార్ దగ్గర పడీ పడీ నవ్వింది. ఆధార్‌లో అక్షరం తప్పు పడితే నాన్న కూలి మానుకుని మూడుసార్లు తిరగడం వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు.

అప్పుడు నాకు కన్యాశుల్కం గుర్తొచ్చింది. గురజాడ 1897లో అచ్చువేయించి, 1909లో పూర్తిగా తిరగరాసిన ఆ నాటకంలో కూడా కథని తిప్పేది ఒక్క అబద్ధమే. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. మగపిల్లాడు ఎన్నాళ్ళని కాపరం చేస్తాడు? మాయమవుతాడు. పెళ్ళికూతురు మాయమైతే ఊరు ఊరుకోదు కదా. పోలీసు వస్తాడు, ఖూనీ అంటారు, వకీళ్ళు దిగుతారు. ఎవరూ ఎక్కడా హాస్యం కోసం ప్రయత్నించరు. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు. అన్నట్టు అందులో గిరీశం కూడా ట్యూషన్ మాస్టారే. మా వృత్తికి గురజాడ ఇచ్చిన సర్టిఫికెట్టు అది. ఆయన కూడా విజయనగరంలో కొంతకాలం పాఠాలు చెప్పినవాడు కనక మాకు కోపం రాకూడదు.

ఇదొక చిత్రం. కాంతం కథల్ని మనకిచ్చిన మునిమాణిక్యం నరసింహారావు బడిపంతులు. ఫ్రెంచి మోలియర్ చేత రాజమండ్రి తెలుగు మాట్లాడించిన భమిడిపాటి కామేశ్వరరావు బడిపంతులు. గణపతి నవల రాసిన చిలకమర్తి కూడా బళ్ళో పాఠం చెప్పినవాడే. తెలుగువాళ్ళని నవ్వించిన వాళ్ళలో ఇంతమంది చేతిలో సుద్దముక్క ఎందుకుందని చాలాకాలం ఆలోచించాను. నా అనుమానం ఒకటే. పంతులు అనేవాడు ముఖం గంభీరంగా పెట్టుకున్నందుకు జీతం తీసుకుంటాడు. బోర్డు వైపు తిరిగి ద్విగు సమాసం రాస్తుంటే వెనక ఎవడో తన నడకని అనుకరిస్తున్నాడని వాడికి తెలుసు. తెలిసి కూడా ద్విగు సమాసం పూర్తి చెయ్యాలి. హాస్యం రాయడానికి ఇంతకంటే మంచి తర్ఫీదు ఎక్కడ దొరుకుతుంది?

దాన్నుంచే పిల్లలకి ఒక మాట చెప్పాను. కథలో ఎవ్వరూ నవ్వకూడదు. మొక్కపాటి 1924లో పడవెక్కించిన బారిస్టర్ పార్వతీశం, ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని ఎంత దర్జాగా బయల్దేరాడు! తను చేసేది తప్పని వాడికి అనుమానమైనా రాలేదు. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు లోకాన్ని గురించి చెప్పే ఒక్క మాటలోనూ వాడికి సందేహం ఉండదు. పిల్లలకి ఈ పుస్తకాలు తెలీవు కాబట్టి జంధ్యాల సినిమా చెప్పాను. అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడగట్టుకుని, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. 1987 నాటి సినిమా అయినా ఆ కోడి అందరికీ తెలుసు. "ఆయన నవ్వుతాడట్రా?" అన్నాను. "లేదండి, కూర తింటున్నట్టే ఉంటాడండి" అంది ముందు బెంచీ పిల్ల. అంతే. ఆ మనిషికి అది హాస్యం కాదు, పొదుపు.

మరి మొదలెట్టడం ఎలా అన్నారు. సామెతల దగ్గరికి తీసుకెళ్ళాను. తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట. తాటిచెట్టు మీద గడ్డి ఉంటుందా అంటే, లేదనేగా దిగుతున్నాను అన్నాడట. రెండు ప్రశ్నలు, రెండు జవాబులు, వాడు చెట్టు దిగేలోపు కథ పూర్తి. ఆ రెండో జవాబు చూడండి. దొరికిపోయిన దొంగ కాళ్ళు పట్టుకోవాలి, లేదా పారిపోవాలి. వీడు రెండూ చెయ్యలేదు. మొదటి అబద్ధానికి మర్యాదగా కట్టుబడి ఉన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని కొట్టంలో కట్టెయ్యమన్న పెద్దమనిషి కూడా ఈ వంశంవాడే. ఈనడం ఎలా అని ఆలోచించడు, దూడ వీధిలో తిరిగితే ఎలా అని ఆలోచిస్తాడు. ఇక కష్టాలు ఎలా పెంచాలో గోరుచుట్టు మీద రోకటిపోటు చెబుతుంది. ముందే పిడుగు వేసేస్తే ఇక వెయ్యడానికి ఏముంటుంది? గోరుతో మొదలుపెట్టాలి. వెనక బెంచీవాడు పిడుగుతో మొదలెట్టి నష్టపోయాడు.

ఇంతవరకు బాగానే నడిచింది. నవంబరులో ఒక శనివారం మాత్రం నేను మరిచిపోలేనిది.

ఆ రోజు ఒకడు తన కథ చదివాడు. పెళ్ళిలో మైకు దగ్గర నత్తివాడు చదివింపులు చదువుతుంటాడు. అంకెలు సాగిపోతుంటాయి. నూటపదహార్లు వెయ్యినూటపదహార్లవుతాయి. చుట్టాలు కొట్టుకుంటారు. కట్టుదిట్టంగానే రాశాడు. ఒక్క కారణం, దాన్నుంచి మెట్టు మెట్టుగా గొడవ. నేను చెప్పినదంతా అందులో ఉంది. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూ కళ్ళు తుడుచుకుని చూస్తే రెండో వరసలో కిటికీ పక్క కుర్రాడు పుస్తకం మూసి, అట్ట మీది లేబుల్ని గోటితో గీకుతున్నాడు. వాడికి నత్తి ఉంది. జూన్ నుంచీ వాడికి పాఠం చెబుతున్నాను. నవ్వేటప్పుడు అది నాకు గుర్తు లేదు.

పరమానందయ్య శిష్యుల కథ ఆ వారమే చెప్పాను వాళ్ళకి. నది నిద్రపోతోందో లేదో కొరివి ముంచి చూసి, దాటి, గట్టెక్కి లెక్క పెట్టుకుంటారు. ఎవడు లెక్కపెట్టినా పదకొండుమందే వస్తారు. ఒకడు కొట్టుకుపోయాడని గుండెలు బాదుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో బెస్కీ అనే ఇటలీ ఫాదిరీ తమిళంలో రాసిన పరమార్థగురువు కథలో శిష్యులు అయిదుగురే, మనకి పన్నెండుమంది. ఏ విషయంలోనైనా మనది పెద్ద విస్తరి. అయిదుగురైనా పన్నెండుమందైనా పొరపాటు ఒకటే. ప్రతివాడూ అందర్నీ వేలుపెట్టి లెక్కించి తనని వదిలేస్తాడు. ఆ కథ చెప్పి వారం తిరక్కుండా, ఆ తరగతిలో ఎవరెవరున్నారో లెక్కపెట్టడంలో నేనే ఒకణ్ణి వదిలేశాను. కిటికీ పక్కవాణ్ణి వదిలేశాను. నవ్వుతున్న నన్నూ వదిలేశాను.

నత్తి, చెవుడు, పొట్టి, నలుపు, లావు. మన సినిమాలు వీటి మీద ఎంత సంపాదించాయో చెప్పక్కర్లేదు. పిల్లలకి హాస్యమంటే ముందు తోచేది ఇదే. దీనికి శాస్త్రం కూడా అడ్డు రాదు. నాట్యశాస్త్రంలో హాస్యానికి కారణాలు చెబుతూ భరతుడు వికృతవేషం, దుడుకుతనం, పొంతన లేని మాటలతో పాటు అవిటితనం కంటబడడాన్నీ చేర్చాడు. ఆ ఒక్క విషయంలో మునిమాట నా క్లాసులో చెల్లదని చెప్పేశాను. ఎవరి ఒంటినీ ముట్టుకోవద్దు. ఎవరి పట్టుదలతోనైనా ఆడుకోండి, ముందు మీ ఇంట్లో వాళ్ళ పట్టుదలతో. చదివింపుల కథ రాసినవాడు దాన్ని మార్చి తెచ్చాడు. ఈసారి మైకు పట్టుకున్నది వాళ్ళ నాన్న, గొడవకి కారణం ఆయన కళ్ళజోడు పెట్టుకోనని భీష్మించడం. మొదటిదానికంటే బాగుంది. అయితే కిటికీ పక్క కుర్రాడు ఆ వారం కాగితం ఇవ్వలేదు. తరవాత వారమూ ఇవ్వలేదు. సంవత్సరం చివరిదాకా ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఏమని అడుగుతాను?

భరతుణ్ణి అంతటితో వదిలెయ్యలేదు లెండి. ఆయన నవ్వుల్ని ఆరు రకాలుగా విడదీశాడు. స్మితం, హసితం పెద్దమనుషులకి. విహసితం, ఉపహసితం మధ్యరకం వాళ్ళకి. అపహసితం, అతిహసితం అధములకి. అతిహసితమంటే కళ్ళమ్మట నీళ్ళు కారుతూ, డొక్కలు పట్టుకుని నవ్వేది. ఆ లెక్కన మా తరగతి మొత్తం ఆఖరి వరసలోకే వస్తుంది. పక్క గదిలో సోషల్ టీచర్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. భరతుడే ఇంకో మాట కూడా చెప్పాడు. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం. పిల్లలతో వచ్చిన చిక్కంతా ఇక్కడే. కథ చదవడానికి నిలబడి మొదటి వాక్యానికే తామే ఇకిలిస్తారు. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంటారు. మాట బయటికి రాదు. విన్నవాడికి ఏమీ తెలీదు. అందుకని చదువుతూ నవ్వినవాడు మళ్ళీ మొదట్నుంచి చదవాలని పెట్టాను. ఒకమ్మాయి పదకొండుసార్లు మొదలుపెట్టింది. పదకొండోసారికి అందరం ఆమె కథకి కాక ఆ మొదటి వాక్యానికే నవ్వాం. ఆ కథ ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇక గిన్నె సంగతి.

ముందు బెంచీలో కోట సంగతి చెప్పిన పిల్లే రాసింది. వాళ్ళ నాయనమ్మకీ పక్కింటి మామ్మగారికీ ఎప్పుడో ప్రహరీ గోడ దగ్గర మాట పట్టింపు వచ్చి మాటల్లేవు. ఉగాదికి మామ్మగారి కోడలు తెలియక ఈవిడింటికి స్టీలు గిన్నెలో పులిహోర పంపింది. తినడం తినేశారు. ఇప్పుడు గిన్నె తిరిగివ్వాలి. ఉత్త గిన్నె ఇవ్వకూడదు కదా. పంచదార వేసిస్తే చాలునంది అమ్మ. "వాళ్ళకి నేను పంచదార బాకీయా?" అంది నాయనమ్మ. అరిసెలు వండించింది. గిన్నెలో పట్టలేదు. తమ బేసిన్‌లో అరిసెలు సర్ది, పైన వాళ్ళ గిన్నె బోర్లించి పంపింది. అవతల మామ్మగారికి గిన్నె వచ్చింది గాని, బేసిన్ బాకీ పడింది. బొబ్బట్లు చేయించింది. బేసిన్‌లో పట్టక తపేలాలో వేసి పంపింది. ఇలా గిన్నె, బేసిన్, తపేలా, గుండిగ. మధ్యలో మళ్ళీ మొదటి గిన్నె ఎలాగో ఇటు వచ్చేసింది. రెండిళ్ళలో మగవాళ్ళకి షుగరు. పొయ్యిలు ఆరవు. వీధిలో ఇంక అంతకంటే పెద్ద పాత్ర లేకపోతే గాడిపొయ్యి తవ్వించి పెళ్ళివంటవాళ్ళ దగ్గర డేగిసా అద్దెకి తెచ్చారు. అద్దె డేగిసా పక్కింట్లో ఉండిపోతే రోజువారీ అద్దె ఎవరు కట్టాలి?

ఇదంతా మోసేది ఆ పిల్ల. కథ ఆమె గొంతుతోనే నడుస్తుంది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఆమెకి పట్టదు. గోడ దగ్గర చిన్న సందు ఉంది, దానిగుండా గిన్నె పట్టింది, బేసిన్ పట్టింది, తపేలా పక్కకి వంచితే పట్టింది, గుండిగ పట్టదు. వీధి తిరిగి వెళ్ళాలంటే కుక్క ఉంది. కథంతా ఆమె బాధ ఆ కుక్క గురించే. కథకి ఆమె పెట్టిన పేరు 'నా చేతులు'.

ఇంత రాసి, ముగింపులో ఇద్దరు మామ్మల్నీ సంక్రాంతి ముగ్గు దగ్గర కలిపేసింది. కౌగిలించుకున్నారు. కన్నీళ్ళు. కింద గీత. "నీతి: ఇరుగుపొరుగు వారితో సఖ్యతగా మెలగవలెను."

"నిజంగా కలిశారా అమ్మా?" అన్నాను.

"లేదండి. ఇప్పటికీ మాటల్లేవండి."

"మరెందుకు కలిపావు?"

"ముగింపు ఉండాలి కదా మాస్టారండీ. లేకపోతే మార్కులు తగ్గిస్తారు కదండీ."

అర మార్కు మళ్ళీ తగిలింది. కాసేపు కిటికీ బయటికి చూసి, "ఇంతకీ ఆ మొదటి గిన్నె ఎక్కడుందిప్పుడు?" అని అడిగాను.

"మా ఇంట్లోనే ఉందండి. అటక మీద. నాయనమ్మ ముట్టుకోనివ్వదండి."

"అయితే ఆ ఒక్క ముక్క రాసి ఆపెయ్యి."

ఆమె కౌగిలింతని కొట్టేసింది. కన్నీళ్ళు కొట్టేసింది. గీతనీ నీతినీ కొట్టేసేముందు నా వంక ఒకసారి చూసింది, నిజంగానే కొట్టెయ్యనా అన్నట్టు. తలూపాను. నేను ఆ అమ్మాయికి నేర్పింది ఈ కొట్టివేత ఒక్కటే. మిగతాది వాళ్ళ నాయనమ్మ నేర్పింది.

కథని బళ్ళో గోడపత్రికలో పెట్టాం. ఆ సంగతి ఇంటిదాకా వెళుతుందని నాకు తట్టలేదు. దాళవా కోతలప్పుడు ఒక ఆదివారం పొద్దున్న ఆ పిల్ల గేటు దగ్గర నిలబడింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. "నాయనమ్మ ఇమ్మందండి. సున్నుండలండి. కథ చదివించుకుందండి. ఏమీ అనలేదండి" అని ఒక్క ఊపిరిలో చెప్పి, గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. సున్నుండలు బాగున్నాయి. మా ఆవిడ గిన్నె కడిగి బోర్లించింది. మర్నాడు నేను దాన్ని సంచిలో వేసుకుని బడికి బయల్దేరుతుంటే, "ఉత్తగిన్నె పట్టుకెళతారా ఎక్కడైనా?" అంది.

అది జరిగి నాలుగు నెలలైంది. గిన్నె మా వంటింటి గూట్లోనే ఉంది. అంచు మీద చుక్కలతో పేరు కొట్టించి ఉంది. మొన్న కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అది ఆ పిల్ల ఇంటిపేరూ కాదు, పక్కింటి మామ్మగారి ఇంటిపేరూ కాదు.